అంబాసిడర్ వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు: బ్రేక్ పైపులు ఎలా వేసుకోవాలి

పాత అంబాసిడర్‌కు వెనక డిస్కులు పెట్టించుకునేవారికి ఏ కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కే భాగం) సరిపోతుంది, బ్రాకెట్టు ఏ లేత్ షాపులో చేయించాలి అన్న ప్రశ్నలకు ఎవరో ఒకరు జవాబు చెబుతూనే ఉంటారు. ఆ పనులన్నీ అయిపోయి, కారు స్టాండ్ల మీదికి ఎక్కిన తరువాత మాత్రం అందరూ అడిగేది ఒకటే: “పాత పైపు కొత్త కాలిపర్‌కు ఎక్కడం లేదు, ఇప్పుడేం చేయాలి?” ఆ దశలో ఉన్నవారి కోసమే ఇది రాస్తున్నాను. డిస్కులు, కాలిపర్లు, బ్రాకెట్లు అప్పటికే బిగించి ఉన్నాయనీ, హ్యాండ్‌బ్రేక్ ఏర్పాటు కూడా తేల్చుకున్నారనీ అనుకుని, పైపుల పని ఒక్కటే ఇక్కడ చెబుతాను.

మొదలుపెట్టే ముందు రెండు హెచ్చరికలు. ముందు చక్రాలకు డ్రమ్ములు ఉంచి వెనక మాత్రమే డిస్కులు వేయకండి. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు వాలుతుంది. వెనక చక్రాల మీద భారం తగ్గిన ఆ క్షణంలో అవే ముందుగా పట్టేస్తే కారు వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. తరువాతి కాలపు కొన్ని అంబాసిడర్లలో ముందు డిస్కులు కంపెనీ నుంచే వచ్చాయి. మీది అలాంటిది కాకపోతే ముందు ఆ పని పూర్తి చేసి, ఆ తరువాతే వెనక్కు రండి. రెండోది కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనంలో చేసే మార్పులను నియంత్రిస్తుంది కనుక మీ ఆర్టీవో కార్యాలయంలో ముందే అడగండి. 50 ఏళ్లు దాటిన బండిని 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్‌గా, వీఏ నంబరుతో నమోదు చేయించాలన్న ఆలోచన ఉంటే అసలు ఈ మార్పే వద్దు. ఆ నమోదుకు బండి మూల రూపంలో ఉండాలి.

కావలసినవి

బ్రేక్ పైపు: 3/16 అంగుళం, అంటే 4.75 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్నది. రాగి, నికెల్ కలిసిన మిశ్రమ లోహపు పైపు అయితే చేతితోనే వంగుతుంది, తుప్పు పట్టదు, ఫ్లేర్ (జాయింటులో కూర్చునేలా పైపు కొసను విప్పార్చి చేసే అంచు) సులువుగా వస్తుంది. ఖర్చు తగ్గాలంటే బ్రేకుల కోసమే తయారైన రెండు పొరల ఉక్కు పైపు తీసుకోవచ్చు, కానీ దాన్ని వంచడానికి, ఫ్లేర్ కొట్టడానికి ఓపిక కావాలి. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే ఉత్త రాగి పైపు మాత్రం వాడకండి. చూడడానికి ఒకేలా ఉంటుంది, చవగ్గా వస్తుంది, కానీ బండి అదురుకు రాగి గట్టిబడి, కొన్నాళ్లకు నట్టు దగ్గర చిట్లుతుంది.

పైపు కట్టరు, డబుల్ ఫ్లేర్ టూలు, పైపు వంచే చిన్న బెండరు, థ్రెడ్ గేజు, ఫ్లేర్ నట్లకు వాడే చీలిక రింగు పానాలు. రెండు కాలిపర్లకు రెండు పొట్టి హోస్‌లు (వంగే గొట్టాలు), బాడీ నుంచి హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసును కప్పే గొట్టం) మీది టీ జాయింటుకు ఒక హోస్. బాంజో బోల్టు (హోస్‌ను కాలిపర్‌కు బిగించే, లోపల ఆయిల్ వెళ్లే రంధ్రం ఉన్న బోల్టు) ఒక్కొక్కదానికి రెండేసి కొత్త రాగి వాషర్లు. వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే, సర్దుబాటు చేసుకోగల ప్రపోర్షనింగ్ వాల్వు ఒకటి. మూత తీయని డాట్ 4 బ్రేక్ ఆయిల్ కనీసం ఒక లీటరు. రబ్బరు పొర ఉన్న క్లిప్పులు, సన్నని బైండింగ్ వైరు, పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు, ఖాళీ సీసా. వీటితోపాటు, పెడల్ దగ్గర కూర్చుని చెప్పినట్టు వినే మనిషి ఒకరు.

1. పాత పైపుల కొసలు దాచుకోండి

పాత పైపులను విప్పి పారేయకండి. ప్రతి పైపు రెండు కొసలనూ నట్టుతో సహా నాలుగంగుళాల పొడవున కోసి, ఏది ఎక్కడిదో టేపు మీద రాసి అంటించి, ఒక డబ్బాలో వేసుకోండి. ఈ పని అంతా పైపు కొసల దగ్గరే ఉంది. ఆ ముక్కలు మీ చేతిలో ఉంటే దుకాణంలో మాటలతో వివరించే అవసరం రాదు. నట్టు తుప్పుతో పట్టేసి ఉంటే మామూలు పానాతో తిప్పి దాని మూలలు అరగదీయకుండా, తుప్పు వదిలే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి.

2. థ్రెడ్‌నూ, సీటునూ గుర్తించండి

అంబాసిడర్ మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. అందువల్ల దాని బ్రేకు జాయింట్లలో ఎక్కువగా కనిపించేది 3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 చుట్లు ఉన్న యూఎన్ఎఫ్ థ్రెడ్. మీరు తెచ్చిన కాలిపర్ జపాను లేదా కొరియా సంతతి కారుదైతే దానిది సాధారణంగా ఎం10 (10 మిల్లీమీటర్ల వ్యాసం), 1 మిల్లీమీటరు పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) థ్రెడ్ అవుతుంది. 3/8 అంగుళం అంటే 9.525 మిల్లీమీటర్లు, దాని పిచ్ 1.058 మిల్లీమీటర్లు. ఈ రెండూ అంత దగ్గరగా ఉండడమే ప్రమాదం. ఎం10 నట్టు 3/8 రంధ్రంలోకి ఒక చుట్టు కూడా సరిగ్గా ఎక్కదు, కాబట్టి మోసం వెంటనే తెలుస్తుంది. 3/8 నట్టు మాత్రం ఎం10 రంధ్రంలోకి వదులుగా ఎక్కుతుంది, పానాతో బిగిస్తే కాస్త పట్టు కూడా దొరికినట్టే ఉంటుంది. ఆ తరువాత పెడల్ గట్టిగా తొక్కిన రోజున థ్రెడ్ ఊడివస్తుంది.

పానా సైజును బట్టి థ్రెడ్‌ను ఊహించకండి. థ్రెడ్ గేజు పెట్టి చూడండి, ఆ తరువాత నట్టును వేళ్లతోనే తిప్పండి. సరైన నట్టు చివరి దాకా వేళ్లతోనే దిగుతుంది, దారిలో ఎక్కడా ఊగదు.

థ్రెడ్ కలిసినంత మాత్రాన సరిపోదు. టార్చి వేసి రంధ్రం అడుగున చూడండి. అడుగున శంఖంలా పైకి పొడుచుకు వచ్చిన సీటు (ఫ్లేర్ ఆనే చోటు) ఉంటే దానికి లోపలికి ముడిచిన డబుల్ ఫ్లేర్ కావాలి. గుంటలా లోపలికి వెళ్లిన సీటు ఉంటే బయటికి ఉబ్బిన బబుల్ ఫ్లేర్ కావాలి. పాత బ్రిటిష్ పద్ధతి బళ్లలో ఈ రెండూ ఒకే కారులో, వేరు వేరు జాయింట్లలో కనిపిస్తాయి కనుక ఒక చోట చూసి మిగిలినవన్నీ అంతేనని అనుకోకూడదు. తప్పు ఫ్లేర్‌తో బిగిస్తే మొదటి రోజు కారకపోవచ్చు. రెండోసారి విప్పి చూసినప్పుడు సీటు నలిగిపోయి ఉంటుంది, అప్పుడు ఏ ఫ్లేర్ పెట్టినా కారుతుంది.

రెండు రకాల థ్రెడ్‌లను కలపడానికి మధ్యలో అడాప్టరు వేయమని చాలామంది చెబుతారు. నా సలహా వేరు. కొత్త పైపు ఎలాగూ మీరే చేస్తున్నారు కాబట్టి ఒక కొసకు 3/8 నట్టూ దానికి తగిన ఫ్లేరూ, రెండో కొసకు ఎం10 నట్టూ దానికి తగిన ఫ్లేరూ పెట్టండి. జాయింటు ఒకటి తగ్గితే కారే చోటు ఒకటి తగ్గుతుంది.

3. బైండింగ్ వైరుతో దారి గీయండి

పైపును నేరుగా కారు కింద పెట్టి వంచుకుంటూ పోతే మూడో వంపు దగ్గర పొడవు తప్పుతుంది. ముందు బైండింగ్ వైరును పైపు వెళ్లవలసిన దారిలోనే వంచి, క్లిప్పులు వచ్చే చోట రంగు చుక్కలు పెట్టి, దాన్ని బయటికి తీసి చాపి కొలవండి. ఫ్లేర్లకూ, చిన్న సవరణలకూ కలిపి 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉంచుకోండి.

బాడీ వెంట వచ్చే పైపు కంపెనీ వేసిన దారిలోనే రావడం మంచిది. సైలెన్సర్ పైపుకు దగ్గరగా, ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే చోటుకు దగ్గరగా, జాకీ పెట్టే చోట, ఫ్రేము కింది అంచు కన్నా దిగువన పైపు ఉండకూడదు. హౌసింగ్ మీద టీ జాయింటు నుంచి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వెళతాయి. పాత పైపులు డ్రమ్ములోని వీల్ సిలిండర్ దాకా నేరుగా వెళ్లేవి. ఇప్పుడు అవి కాలిపర్‌కు ఒక జానెడు ముందే, హౌసింగ్ మీది చిన్న బ్రాకెట్టు దగ్గర ఆగిపోవాలి. అక్కడి నుంచి పొట్టి హోస్ మొదలవుతుంది.

ఆ హోస్ ఎందుకని అడిగేవారు చాలామంది ఉన్నారు. హౌసింగూ, కాలిపరూ కలిసే కదులుతాయి కదా, నేరుగా గట్టి పైపు వేస్తే తప్పేమిటని వారి వాదన. ఒకే వైపు పిస్టన్ ఉన్న తేలే కాలిపర్ ప్రతి బ్రేకుకూ పిన్నుల మీద పక్కకు జరుగుతుంది, ప్యాడ్లు అరిగేకొద్దీ దాని స్థానం మారుతుంది. దానికి గట్టి పైపు బిగిస్తే కాలిపర్ స్వేచ్ఛగా జరగదు, పైపు నట్టు దగ్గర విరుగుతుంది. రెండు వైపులా పిస్టన్లు ఉండి కదలని కాలిపర్ అయితే గట్టి పైపు వేయవచ్చు.

బ్రాకెట్టును హౌసింగ్‌కు వెల్డింగ్ చేయించకండి. లోపల ఆయిలూ, కొసన సీలూ, బేరింగూ ఉన్న గొట్టం మీద వెల్డింగ్ వేడి ఎవరికీ మేలు చేయదు. చుట్టూ పట్టే క్లాంపు చాలు.

4. కోయండి, నట్టు ఎక్కించండి, ఆ తరువాతే ఫ్లేర్ కొట్టండి

రంపంతో కోయవద్దు, కొస వంకరగా వస్తుంది, పొడి లోపల చేరుతుంది. పైపు కట్టరును కొద్దికొద్దిగా బిగిస్తూ తిప్పండి. కోసిన కొసలో లోపలి అంచు కాస్త ముడుచుకుంటుంది, దాన్ని గీకి తీయండి. బయటి అంచును సన్నని ఆకురాయితో చదును చేయండి. గీకేటప్పుడు కొసను నేల వైపు వంచి పట్టుకుంటే పొడి కింద పడుతుంది.

ఇప్పుడు నట్టు ఎక్కించండి. ఈ ఒక్క వాక్యాన్ని గోడ మీద రాసుకున్నా తప్పులేదు. రెండో కొసకు చక్కని ఫ్లేర్ కొట్టి, దాన్ని మెచ్చుకుంటూ తిప్పి చూసి, నట్టు బల్ల మీదే ఉందని గమనించడం ఈ పని చేసిన ప్రతివారికీ తెలుసు. నట్టు తిరగేసి ఎక్కించినా అదే ఫలితం.

టూలులో పైపును బిగించి, దానితో వచ్చిన డై (ఫ్లేర్‌కు ఆకారం ఇచ్చే అచ్చు) అంచు మందం మేరకే పైపును బయటికి ఉంచండి. ఎక్కువ ఉంచితే ఫ్లేర్ ఒక పక్కకు వాలుతుంది, తక్కువ ఉంచితే అంచు చాలదు. డై ముక్కుకు ఒక చుక్క బ్రేక్ ఆయిల్ రాసి, నెమ్మదిగా దించండి. ఏసీ పనులకు వాడే సింగిల్ ఫ్లేర్ టూలుతో సరిపెట్టుకోకండి. ఒకే పొర ఉన్న అంచు బ్రేకు ఒత్తిడికి చీలుతుంది. మొదటి ఐదారు ఫ్లేర్లు పనికిరాని ముక్కల మీద కొట్టి చేయి కుదుర్చుకోండి.

ఫ్లేర్ అయ్యాక వెలుతురులో నిలబడి దాన్ని వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. అంచు చుట్టూ ఒకే వెడల్పు ఉండాలి, రంధ్రం సరిగ్గా నడుమన ఉండాలి. వెంట్రుకంత గీత లోపలి నుంచి అంచు దాకా కనిపిస్తే అది పగులు; గోరు దాని మీద తట్టుకుంటుంది. అలాంటిదాన్ని “బిగిస్తే సర్దుకుంటుందిలే” అని వదలకండి, కోసి మళ్లీ కొట్టండి.

5. వంచండి, శుభ్రం చేయండి, బిగించండి

వంపులన్నీ బెండరుతో, వైరు నమూనాను పక్కన పెట్టుకుని వేయండి. నొక్కుకుపోయిన వంపును తిరిగి సరిచేసి వాడకూడదు. నట్టుకు ఆనుకుని వంపు పెడితే నట్టు వెనక్కు జరగదు కనుక కొస దగ్గర 4 సెంటీమీటర్లయినా తిన్నగా ఉంచండి.

ప్రతి పైపునూ బిగించే ముందు బ్రేక్ క్లీనరుతో గానీ స్పిరిట్‌తో గానీ కడిగి గాలి కొట్టండి. డీజిలు, కిరసనాయిలు, పెట్రోలు ఈ పైపుల దరిదాపుల్లోకి రాకూడదు. గ్యారేజీల్లో అన్నింటినీ డీజిలుతో కడిగే అలవాటు ఉంది. ఒక పైపులో మిగిలిన నాలుగు చుక్కలు చాలు, సీళ్లు ఉబ్బి బ్రేకులు పట్టేయడానికి.

నట్లన్నీ ముందు వేళ్లతో ఎక్కించి, పైపు దాని దారిలో బలవంతం లేకుండా కూర్చున్నదని చూసుకుని, ఆ తరువాత పానా పట్టండి. 3/16 పైపు నట్టుకు సాధారణంగా 12 నుంచి 18 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. థ్రెడ్‌కు టెఫ్లాన్ టేపు చుట్టకండి, సీలింగ్ మందులు రాయకండి. ఇక్కడ ఆయిల్‌ను ఆపేది ఫ్లేర్ గానీ థ్రెడ్ కాదు, టేపు ముక్క ఊడితే వాల్వులో చిక్కుకుంటుంది. క్లిప్పులు జానెడు, జానెడున్నర దూరానికి ఒకటి చొప్పున పెట్టండి.

బాంజో బోల్టుకు తలకూ హోస్ కొసకూ మధ్య ఒక రాగి వాషరు, హోస్ కొసకూ కాలిపర్‌కూ మధ్య ఇంకొకటి రావాలి. ఒకసారి నలిగిన వాషరును మళ్లీ వాడవద్దు.

6. హోస్‌లను రెండు స్థితుల్లోనూ చూడండి

జాకీని బాడీకి పెట్టి లేపితే కమాన్ పట్టీలు చాపుకుని హౌసింగ్ పూర్తిగా కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో బాడీ నుంచి హౌసింగ్‌కు వచ్చే నడిమి హోస్ బిగుసుకోకుండా, రెండు మూడు సెంటీమీటర్ల వదులుతో ఉండాలి. తరువాత హౌసింగ్ కింద జాకీ పెట్టి పైకి లేపి, హోస్ ఎక్కడా నలగడం లేదనీ, సైలెన్సర్‌కు, షాఫ్ట్‌కు తగలడం లేదనీ చూడండి. హోస్ మీద పొడవునా ముద్రించిన గీత తిన్నగా ఉంటే మెలి లేదని అర్థం. గీత లేకపోతే బిగించే ముందు సుద్దముక్కతో మీరే గీయండి.

7. వాల్వుల సంగతి

డ్రమ్ బ్రేకుల కోసం తయారైన మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే భాగం) వెనక పైపుకు సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచే చెక్ వాల్వు ఉండవచ్చు. డ్రమ్ములలో షూలను వెనక్కు లాగే స్ప్రింగులు ఉంటాయి కనుక అది సరిపోయేది. కాలిపర్‌లో ఆ స్ప్రింగులు లేవు. ఆ ఒత్తిడికి ప్యాడ్లు డిస్కును రాసుకుంటూనే ఉంటాయి. కాబట్టి దాన్ని తీసేయాలి. మీ మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కన్నా కింది ఎత్తులో ఉంటే ఆయిల్ వెనక్కు జారిపోకుండా 2 పీఎస్ఐ వాల్వును పైపులో కలపండి.

ప్రపోర్షనింగ్ వాల్వు వెనక చక్రాలకు మాత్రమే వెళ్లే పైపులో రావాలి. పాత ఒకే సర్క్యూట్ బళ్లలో ముందుకూ వెనక్కూ పైపు చీలిన తరువాతి భాగంలో దాన్ని పెట్టండి, బాణం గుర్తు కాలిపర్ల వైపు ఉండాలి. మొదట వెనక ఒత్తిడి అన్నిటికన్నా తగ్గే వైపుకు తిప్పి ఉంచండి.

8. ఎయిర్ తీయండి

ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒక ఆదివారం పూట పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పైపుల్లో చేరిన ఎయిర్ తీస్తూనే ఉన్నాను. రెండు సీసాల ఆయిల్ అయిపోయింది, పెడల్ మాత్రం తడిసిన దూది మీద తొక్కినట్టే ఉంది. ఫ్లేర్లను అనుమానించాను, మాస్టర్ సిలిండర్‌ను అనుమానించాను. చివరికి చక్రం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కనిపించింది: కాలిపర్ నిపిల్ (గాలిని బయటికి వదిలే చిన్న స్క్రూ) కింది వైపు ఉంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు బిగించాను. గాలి పైన, నిపిల్ కింద ఉంటే ఎన్ని సీసాలు పోసినా గాలి బయటికి రాదు. నిపిల్ ఎప్పుడూ కాలిపర్ పైభాగంలోనే ఉండాలి. మీ బ్రాకెట్టు వల్ల అది కుదరకపోతే కాలిపర్‌ను విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం ఉన్న చెక్కముక్క పెట్టి, నిపిల్ పైకి వచ్చేలా పట్టుకుని ఎయిర్ తీసి మళ్లీ బిగించవచ్చు.

హ్యాండ్‌బ్రేక్ కలిసి ఉన్న కాలిపర్ అయితే ముందు దాని సర్దుబాటు పూర్తి చేయండి, లేకపోతే గాలి లేకపోయినా పెడల్ లోతుగానే వెళుతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన కుడి స్టీరింగ్ బండిలో అది వెనక ఎడమ చక్రం, తరువాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి.

నిపిల్‌కు ట్యూబు తొడిగి, కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. లోపలి మనిషి పెడల్ నొక్కి పట్టుకున్నప్పుడు నిపిల్ వదులు చేయాలి, అది మళ్లీ బిగించే దాకా ఆయన కాలు తీయకూడదు. “నొక్కాను”, “వదులుతున్నాను” అని గట్టిగా చెప్పుకుంటూ చేయండి. పాత మాస్టర్ సిలిండర్ అయితే పెడల్ కింద చెక్కముక్క పెట్టి పూర్తిగా నేలకు తగలకుండా ఆపండి. ఏళ్ల తరబడి సీలు వెళ్లని లోపలి భాగం గరుకుగా ఉంటుంది, అక్కడికి వెళితే సీలు తెగుతుంది. మాస్టర్ సిలిండర్‌కు ఆయిల్ అందించే డబ్బాలో ఆయిల్ సగానికి తగ్గకముందే పోస్తూ ఉండండి. రంగు మీద పడిన ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడగాలి, తుడిస్తే చాలదు. డాట్ 5 సిలికాన్ ఆయిల్‌ను దీనితో కలపకండి.

9. పరీక్షలు

ఇంజను ఆపి, పెడల్‌ను బలంగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. కాలు కింద పెడల్ మెల్లగా దిగుతూ పోతే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల సీలు దాటి ఆయిల్ వెళుతోంది. స్ప్రింగులా పైకి తంతే గాలి మిగిలింది. రెండు మూడుసార్లు తొక్కితేనే పైకి వచ్చి తరువాత గట్టిగా ఉంటే ప్యాడ్లు దూరంగా ఉన్నాయి, లేదా కొత్త కాలిపర్ పిస్టన్లకు మీ మాస్టర్ సిలిండర్ పంపే ఆయిల్ చాలడం లేదు.

ప్రతి జాయింటునూ పొడిగా తుడిచి, తెల్ల టిష్యూ కాగితం ముక్క చుట్టి, ఇంకొకరితో పెడల్ నొక్కించి, కాగితం చూడండి. కంటికి కనబడని చెమ్మ కాగితం మీద మచ్చగా తేలుతుంది. మరునాడు పొద్దున్న అదే పరీక్ష మళ్లీ చేయండి. కారుతున్న నట్టును ఇంకా ఇంకా బిగించడం పరిష్కారం కాదు. ఒకసారి వదులు చేసి మళ్లీ బిగించండి, అప్పటికీ ఆగకపోతే ఫ్లేర్ తప్పు.

వెనక చక్రాలు గాల్లో ఉండగా, గేరు న్యూట్రల్‌లో పెట్టి పెడల్ తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. స్వల్పంగా రాసుకోవడం సహజం, రెండు చేతులు కావలసి వస్తే కాదు. అప్పుడు నిపిల్ ఒకటి వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి పైపులో నిలిచి ఉంది, చెక్ వాల్వును చూడాలి. వదులు కాకపోతే తప్పు కాలిపర్‌లోనో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌లోనో ఉంది.

ఆ తరువాతే రోడ్డు, అది కూడా మనుషులు లేని ఖాళీ మైదానంలో. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, పెడల్ నిలకడగా ఉంటేనే 40కి వెళ్లండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాలే మొదట పట్టాలి. బయట నిలబడి చూసే మనిషి ఉంటే మేలు. ప్రపోర్షనింగ్ వాల్వును వెనక ఒత్తిడి పెరిగే వైపుకు ఒక్కో చుట్టే తిప్పుతూ, వెనకవి ముందుగా పట్టే దశ వచ్చిన వెంటనే ఒకటిన్నర చుట్టు వెనక్కు తిప్పి అక్కడే ఉంచండి. తడి నేల మీద ఇంకోసారి చూడండి.

పది కిలోమీటర్లు నడిపాక నాలుగు డిస్కుల వేడిని థర్మామీటరు గన్నుతో కొలవండి, చేయి పెట్టి చూడవద్దు. వెనక రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి బాగా వేడెక్కితే ఆ కాలిపర్ పిన్నులు పట్టేస్తున్నాయి. మొదటి 100 కిలోమీటర్ల తరువాత, 500 కిలోమీటర్ల తరువాత జాయింట్లన్నీ మళ్లీ కాగితంతో చూడండి.

పని పూర్తయ్యాక ఏ జాయింటుకు ఏ థ్రెడ్, ఏ ఫ్లేర్ పెట్టారో, హోస్‌ల పొడవెంతో, కాలిపర్ ఏ కారుదో ఒక అట్టముక్క మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి. మీ బండి రేపు ఏ ఊళ్లో ఆగినా, దాని కింద దూరే మెకానిక్కు అన్నీ అంబాసిడర్ నట్లే అనుకుని పానా వేస్తాడు.